రెండు కాళ్లూ విడివిడిగా

మానవ నాగరికత నిప్పుతో మొదలైందని కొందరు, చక్రంతో మొదలైందని కొందరు పుస్తకాలు రాశారు. రెండూ తప్పే. రెండు కాళ్ల మధ్య మొదటి కుట్టు పడిన రోజున అది మొదలైంది. ఇది మా సొంత అభిప్రాయం కాదు, మా ఊరి క్లబ్బు వారి నియమావళిలో పద్నాలుగో నిబంధన. "లోనికి ప్రవేశించు పురుషుని కాళ్లు రెండును విడివిడిగా, స్వతంత్రముగా కప్పబడి యుండవలెను" అని అందులో స్పష్టంగా ఉంది. కాళ్ల స్వాతంత్ర్యం కోసం ఇంతగా పట్టుబట్టిన మహానుభావుడెవరో ఇప్పుడెవరికీ తెలియదు. (ఆడవాళ్ల బట్టల విషయంలో నిబంధన నోరెత్తదు. రాసినాయనకు ఇంట్లో నోరెత్తే అలవాటు లేదని వినికిడి.)

ఆ ఆదివారం మధ్యాహ్నం మూడింటికి క్లబ్బు ముందు గేటు దాటి, నాలుగు మెట్లెక్కి, అద్దాల తలుపు దగ్గర ఆగిపోయిన దర్జీ తాతకు ఈ చరిత్ర ఏమీ తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. ముప్పై అయిదేళ్లుగా సభ్యుల ప్యాంట్లన్నీ కుట్టింది ఆయనే అయినా, కొలతలకు వచ్చినప్పుడల్లా వెనక గేటు నుంచే వచ్చాడు. వెనక గేటుకు నిబంధనలు లేవు, కుక్క ఉంది. ఆ కుక్కకు తాత పంచె మీద ఎలాంటి అభ్యంతరమూ లేదు.

ఇవాళ తాత ముందు వైపు నుంచి రావడానికి కారణం ఆయన చేతిని పట్టుకుని నిలబడి ఉంది. మనవరాలు, పదకొండేళ్లది, సన్నగా ఉంటుంది, ఒక్క చోట కుదురుగా ఉండదు కాబట్టి ఇంట్లో పిచ్చుక అంటారు. క్లబ్బు హాల్లో పిల్లల చదరంగం పోటీలు జరుగుతున్నాయి. మొదటి ఆటలన్నీ బడిలోనే అయిపోయాయి, సెమీఫైనల్ ఇక్కడ, నాలుగింటికి. పిల్ల తల్లి ఆసుపత్రిలో నర్సు, ఆదివారం డ్యూటీ. కాబట్టి తాతే రావాలి. రావడమే కాదు, ఆట అయ్యేదాకా హాల్లో సంరక్షకుల కుర్చీలో కూర్చోవాలి, లేకపోతే పిల్ల ఓడినట్టే లెక్క అని పోటీ కాగితంలో అచ్చేశారు.

కాగితంలో లేని సంగతి ఇంకొకటుంది. పిచ్చుక ప్రతి ఎత్తుకూ ముందు తలెత్తి తాత వైపు చూస్తుంది. తాతకు చదరంగం రాదు. గుర్రం అడ్డదిడ్డంగా ఎందుకు దూకుతుందో ఆయనకు ఇప్పటికీ బోధపడలేదు. చూసినప్పుడు ఆయనేమీ సైగ చెయ్యడు, ఒళ్లో ఏదో చొక్కా పెట్టుకుని బొత్తాలకు కాజాలు కుట్టుకుంటూ ఉంటాడు. అలా ఉంటే చాలు, పిల్ల చెయ్యి ముందుకు వెళ్తుంది. ఒకసారి బడిలో ఆట మధ్యలో తాత టీ తాగి వద్దామని బయటికి వెళ్తే, ఆ పది నిమిషాలూ చెయ్యి ఒళ్లోంచి తియ్యకుండా కూర్చుని గెలిచే ఆట ఓడిపోయింది. ఆ రోజు నుంచి తాత టీ మానేశాడు.

తలుపు పక్కన చిన్న బల్ల, బల్ల వెనక టై కట్టుకున్న ఒకాయన. బల్ల మీద "వస్త్ర పరిశీలకుడు" అని పలక. ఆయన ముందు పిల్లను చూసి చిరునవ్వు నవ్వాడు. తర్వాత తాత ముఖం చూసి నమస్కారం పెట్టాడు. తర్వాత చూపు కిందికి దించాడు. అక్కడే చిరునవ్వు ఆగిపోయింది.

"తాతగారూ, మీ రెండు కాళ్లూ ఒకే గుడ్డలో ఉన్నాయండీ," అన్నాడు, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదన్నంత మెల్లిగా.

"అవునండీ. పుట్టినప్పటి నుంచీ కలిసే ఉన్నాయి. పెద్దగా గొడవల్లేవు," అన్నాడు తాత.

"అలా కుదరదండీ. విడివిడిగా ఉండాలి. నా చేతిలో ఏముంది, చెప్పండి? పద్నాలుగో నిబంధన."

ఆయన మాట అబద్ధం కాదు. ఆయన చేతిలో నిజంగా ఏమీ లేదు, ఒక టేపు తప్ప. సరిగ్గా అప్పుడే ఎవరో సభ్యుడి అల్లుడట, మోకాళ్ల దగ్గర బెత్తెడేసి కన్నాలున్న జీన్సు వేసుకుని ఈల వేసుకుంటూ లోపలికి వెళ్లాడు. పరిశీలకుడు లేచి నిలబడి తలుపు తీశాడు. తాత ఆ కన్నాల వైపు చూడటం గమనించి, "కాళ్లు విడివిడిగానే ఉన్నాయి కదండీ. కన్నాల గురించి నిబంధనలో ఏమీ లేదు," అని వివరించాడు.

క్లబ్బు మరీ దయలేనిది మాత్రం కాదు. పంచెలతో వచ్చి ఇబ్బంది పడే అతిథుల కోసం ఒక అరువు ప్యాంటు ఉంచారు. నడుము నలభై నాలుగు, రంగు బూడిద, సంఖ్య ఒకటి. పరిశీలకుడు తాతకు మూడో నంబరు టోకెన్ ఇచ్చి పక్కనున్న బెంచీ చూపించాడు. ఒకటో టోకెన్ ఉన్నాయన ప్రతి ఆదివారంలాగే పొద్దున్నే ఆ ప్యాంటు తొడుక్కుని లోపలికి వెళ్లి, చదువుకునే గదిలో పత్రిక ముఖాన కప్పుకుని నిద్రపోతున్నాడు. నిద్రపోయే అతిథిని లేపరాదని నిబంధన ఇరవై రెండు.

బెంచీ మీద అప్పటికే తెల్లటి పంచెలో ఒక రిటైర్డు పోస్టుమాస్టరు కూర్చుని ఉన్నాడు. ఆయనది రెండో టోకెన్.

"ఎంతసేపైందండీ మీరొచ్చి?" అని అడిగాడు తాత.

"పోయిన ఆదివారం వచ్చానండీ. మా తోడల్లుడి షష్టిపూర్తి విందు," అన్నాడు పోస్టుమాస్టరు.

"మరి విందు?"

"అది పోయిన ఆదివారమే అయిపోయింది. కానీ టోకెన్ ఉంది కదా. వృథా చెయ్యడమెందుకని వస్తున్నాను. ఇంట్లో కూర్చుని మాత్రం చేసేదేముంది?"

మూడుంపావు అయింది. హాల్లోంచి ఎవరో వచ్చి, "నాలుగింటి ఆటకు పిల్లలూ, సంరక్షకులూ" అని కేకేసి వెళ్లారు. పిచ్చుక తాత చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తాతయ్యా, నేనొక్కదాన్నే వెళ్లనా?" అంది. వెళ్తానన్న ధైర్యం కంటే వెళ్లమంటాడేమోనన్న భయమే ఆ గొంతులో ఎక్కువగా ఉంది. జన్మలో ఎవరి ముందూ తల దించని మనిషి, పిల్ల ముఖం చూసి బల్ల దగ్గరికి వెళ్లి మర్యాదగా అడిగాడు.

"బాబూ, కాళ్లు విడిపోతే చాలా? ఇంకేమైనా ఉందా?"

"విడిపోతే చాలండీ," అన్నాడు పరిశీలకుడు.

తాత పక్కనున్న స్తంభం చాటుకు వెళ్లి, రెండు నిమిషాల్లో పంచె గోచీ పోసి బిగించి కట్టుకుని వచ్చాడు. ఎడమ కాలు ఎడమ వైపు, కుడి కాలు కుడి వైపు, ఒకదానితో ఒకటి మాటల్లేనట్టు నిలబడ్డాయి. పరిశీలకుడు వంగి చూశాడు. చుట్టూ తిరిగి చూశాడు. నియమావళి తీసి అనుబంధం వెతికాడు. ముఖంలో నిజమైన విచారం కనిపించింది.

"విడిపోయాయండీ. కాదనను. కానీ తాత్కాలికంగా విడిపోయాయి. విడదీత కుట్టుతో స్థిరపడి ఉండాలని అనుబంధం చెబుతోంది."

"కుట్టే కదా!" అన్నాడు తాత.

కుట్టు అన్న మాట ఎవరి దగ్గర అనకూడదో పరిశీలకుడికి అన్నాక గానీ తెలియలేదు. దర్జీ తాత చొక్కా జేబులో సూది, తెల్ల దారపు ఉండ ఎప్పుడూ ఉంటాయి, కొందరికి పెన్ను ఉన్నట్టు. ఆయన బెంచీ మీద కూర్చుని, కట్టుకున్న పంచెను కట్టుకున్నట్టే ఉంచి, మోకాలి నుంచి పైకి టాకాలు వెయ్యడం మొదలుపెట్టాడు. పిచ్చుక దారం ఎక్కించి ఇస్తోంది. పోస్టుమాస్టరు కళ్లజోడు తుడుచుకుని మరీ చూస్తున్నాడు. లోపలికి వెళ్తున్న సభ్యులు ఇద్దరు ముగ్గురు ఆగారు. వాళ్లు వేసుకున్న ప్యాంట్లు కుట్టిన చెయ్యి అదేనని వాళ్లకు తట్టలేదు. ఆ చేతిని వాళ్లెప్పుడూ వెనక వరండాలోనే చూశారు మరి.

మూడు నలభైకి కుట్టు పూర్తయింది. పరిశీలకుడు టేపు పెట్టి చూసి, ఒక అంగుళంలో ఎన్ని టాకాలున్నాయో లెక్కపెట్టి, తల పంకించాడు. "బ్రహ్మాండంగా ఉందండీ. ఇక జేబు ఒక్కటే."

"జేబెందుకు?"

"పెద్దమనిషి అన్నాక, అడిగిన దానికి జవాబు తెలియనప్పుడు చెయ్యి పెట్టుకోవడానికి ఒక చోటుండాలి కదండీ!"

తాత తన చేతిరుమాలు తీసి పంచె పక్కన జేబుగా కుట్టేశాడు. ఇప్పుడు వాకిట్లో నిలబడి ఉన్నది పంచె అనడానికి ఎవరికీ నోరు రాదు. ప్యాంటు అనడానికీ రాదు. క్లబ్బు కార్యదర్శిని పిలిపించారు. కార్యదర్శి పొడుగాటి మనిషి, నిర్ణయం తీసుకునే ముందు రెండు జేబుల్లోనూ చేతులు పెట్టుకుంటాడు. చాలాసేపు అలాగే నిలబడి, చివరికి ఇది నిబంధన పద్నాలుగు ప్రకారం ప్యాంటేనని ప్రకటించాడు. కాకపోతే ఒక చిక్కు ఉంది. క్లబ్బు ఆవరణలో కుట్టే కుట్టు ఏదైనా అధీకృత కుట్టుపనివాడే కుట్టాలి. అనధికార కుట్టు కుట్టే కాదు.

"అంటే మళ్లీ విప్పాలా?" అన్నాడు తాత. గోడ గడియారంలో నాలుగుకు అయిదు నిమిషాలు తక్కువ.

"అయ్యో, అంత పని ఎందుకండీ? మిమ్మల్నే అధీకృతం చేసేస్తే సరిపోతుంది. ఇదిగో, ఇక్కడ ఒక సంతకం," అంటూ కార్యదర్శి ఒక కాగితం ముందుకు తోశాడు.

కాగితం రెండు వైపులా సన్నటి అక్షరాలున్నాయి. లోపల గంట మోగింది. గుడ్డ కత్తిరించే ముందు రెండుసార్లు కొలవాలని ముప్పై అయిదేళ్లుగా అందరికీ చెప్పిన మనిషి, ఆ కాగితాన్ని ఒక్కసారి కూడా చదవకుండా సంతకం పెట్టి, పిల్ల చెయ్యి పట్టుకుని హాల్లోకి పరుగెత్తాడు.

ఆ సాయంత్రం పిచ్చుక ఇరవై ఎనిమిది ఎత్తుల్లో గెలిచింది. ఇరవై ఎనిమిది సార్లూ తలెత్తి చూసింది. ఇరవై ఎనిమిది సార్లూ తాత కుర్చీలోనే ఉన్నాడు. బయటికొచ్చాక ఆయన మెట్ల మీద కూర్చుని ఒక్క దారం పట్టి లాగితే ప్యాంటు మళ్లీ పంచె అయిపోయింది. పోస్టుమాస్టరు చప్పట్లు కొట్టాడు. ఫైనల్ వచ్చే ఆదివారం.

ఇంటికి వెళ్లాక కూతురు సంగతంతా విని నవ్వాలో కోప్పడాలో తెలియక తల పట్టుకుంది.

"నాన్నా, ఊళ్లో అందరికీ కుడతావు. నీకో ప్యాంటు కుట్టుకుంటే ఏం పోయింది?"

"అందరికీ కుట్టాను కాబట్టే నాకొద్దమ్మా. లోపల ఎంత ఉక్కో నాకు తెలుసు," అన్నాడు తాత.

అన్నాడే గానీ, ఆ వారమంతా ఆయనకు అన్నం సహించలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని "నేనొక్కదాన్నే వెళ్లనా" అన్న మాటే చెవిలో జోరీగలా తిరిగింది. ఈసారి అనుబంధంలో ఇంకేం పుట్టిస్తారో? గడియారం ఎవరి కోసం ఆగుతుంది? గురువారం మధ్యాహ్నం ఎవరూ చూడకుండా కొట్టు తలుపు దగ్గరగా వేసి, అరవై ఎనిమిదేళ్ల జీవితంలో మొదటిసారి తన నడుముకు తానే టేపు చుట్టుకున్నాడు. కొలత చూసి కొంచెం బాధపడ్డాడు కూడా. నల్లటి గుడ్డ తీశాడు. సభ్యులెవరికీ వెయ్యనంత శ్రద్ధగా కుట్టు వేశాడు. జేబులు నాలుగు పెట్టాడు, ఎందుకైనా మంచిదని.

ఆదివారం మూడింటికి దర్జీ తాత ఆ ప్యాంటు వేసుకుని, కాళ్లు రెండూ ఎవరివో అన్నట్టు దూరదూరంగా పెట్టి నడుస్తూ, పిచ్చుకను వెంటబెట్టుకుని మెట్లెక్కాడు. ప్రాణం సిగ్గుతో చచ్చిపోతున్నా ముఖంలో కనిపించనివ్వలేదు. వస్త్ర పరిశీలకుడు ఆయన్ను చూసి కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. మడత చూశాడు, కుట్టు చూశాడు, వేలితో అంచు తడిమాడు.

"తాతగారూ, నా పదహారేళ్ల ఉద్యోగంలో ఇంత సక్రమమైన ప్యాంటు ఈ తలుపు దాటడం చూడలేదండీ," అన్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

"అయితే వెళ్లమంటారా లోపలికి?"

"లేదండీ. మీరు ఇప్పుడు సిబ్బంది కదా!"

తాత సంతకం పెట్టిన కాగితం బయటికి తీశారు. అందులో రెండో వైపు, అధీకృత కుట్టుపనివాడు క్లబ్బు సిబ్బందిలో ఒకడని, ఆదివారాలు మధ్యాహ్నం రెండు నుంచి ఆరు దాకా ముందు గేటు దగ్గర అతిథుల పంచెలు కుట్టవలెనని ఉంది. పోయిన వారం చూసిన సభ్యులు ఈ ఏర్పాటును ఎంతగానో మెచ్చుకున్నారట. గేటు పక్కన అప్పుడే ఒక ఎత్తుపీట, ఒక గొడుగు, "ఇచ్చట కాళ్లు విడదీయబడును" అన్న బోర్డు కూడా వెలిశాయి. పంచెలు కట్టుకున్న పెద్దమనుషులు నలుగురు అప్పటికే టోకెన్లు పట్టుకుని వరుసలో ఉన్నారు. అందరికంటే ముందు పోస్టుమాస్టరు ఉన్నాడు.

"సరే బాబూ, కుడతాను. ఆట అయ్యాక కుడతాను. పిల్ల ఆడుతున్నంతసేపూ నేను లోపల కూర్చోవాలి," అన్నాడు తాత.

"సిబ్బంది అతిథుల కుర్చీల్లో కూర్చోకూడదండీ," అన్నాడు అప్పుడే వచ్చిన కార్యదర్శి, జేబుల్లో చేతులు పెట్టుకుంటూ. "ఇంకో సంగతి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. గేటు సిబ్బందికి యూనిఫారం ఉంది. మన సంప్రదాయం కళ్లకు కట్టాలని కమిటీ వారు గట్టిగా అనుకున్నారు. పంచె తప్పనిసరి. మీరిలా ప్యాంటుతో గేటు దగ్గర కనిపిస్తే బాగుండదండీ."

తాత నాలుగు జేబుల్లో ఒకదాంట్లో చెయ్యి పెట్టుకున్నాడు. అడిగిన దానికి జవాబు తెలియకపోవడం ఆయనకు అదే మొదటిసారి.

"మరి నా సంరక్షకుడు?" అంది పిచ్చుక.

కార్యదర్శి ముఖం వికసించింది. దీని గురించీ కమిటీ ఆలోచించే ఉంచింది. అరువు ప్యాంటు ఉన్నట్టే, అవసరంలో ఉన్న పిల్లల కోసం ఇప్పుడు ఒక అరువు సంరక్షకుడు కూడా ఉన్నాడు. సభ్యుడే, మంచి కుటుంబం, ఆదివారాలు ఖాళీ. హాల్లో కుర్చీలో ఇప్పటికే కూర్చోబెట్టారు.

నాలుగింటికి ఫైనల్ మొదలైంది. పిచ్చుక మొదటి ఎత్తుకు ముందు తలెత్తింది. తాత కుర్చీలో, బూడిదరంగు సూటులో ఒక బట్టతల పెద్దమనిషి ఫోనులో క్రికెట్ చూసుకుంటున్నాడు. పిల్ల చెయ్యి ఒళ్లోనే ఉండిపోయింది. ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. ఎదుటి పిల్లాడి తండ్రి గడియారం చూసుకుని కాలు ఊపడం మొదలుపెట్టాడు. అప్పుడు పిచ్చుక కుర్చీ దిగి, హాలు చివరిదాకా నడిచి, కిటికీ దగ్గర మునివేళ్ల మీద నిలబడింది. అక్కడి నుంచి గేటు కనిపిస్తుంది. క్లబ్బు వారిచ్చిన జరీ అంచు పంచెలో, గొడుగు కింద, తాత ఎవరి మోకాలి దగ్గరో వంగి కుడుతున్నాడు. పిల్ల చూసింది. తిరిగి వచ్చి బంటును జరిపింది.

ప్రతి ఎత్తుకూ అలాగే వెళ్లింది, అలాగే వచ్చింది. న్యాయనిర్ణేతలు కంగారుగా పుస్తకాలన్నీ తిరగేశారు. ఆటగాడు కిటికీలోంచి చూడకూడదని ఎక్కడా లేదు. అయిదో ఎత్తు దగ్గరో ఆరో ఎత్తు దగ్గరో తాతకు కిటికీలో చిన్న తల కనిపించింది. అప్పటి నుంచి ఆయన సూది ఆపేసి గేటు దగ్గర నిటారుగా నిలబడ్డాడు, వానొచ్చినా కదిలేది లేదన్నట్టు. వరుసలో ఉన్నవాళ్లు సణిగితే పోస్టుమాస్టరు వాళ్ల మీద కేకలేశాడు. "ఉండండయ్యా! కాళ్లు ఎక్కడికీ పోవు!"

ముప్పై నాలుగో ఎత్తుకు పిచ్చుక గెలిచింది. కప్పు చంకలో పెట్టుకుని, మెట్లు దూకి, గేటు దాకా పరుగెత్తుకెళ్లి తాత నడుము చుట్టేసుకుంది. తాత ఏడ్చాడు. ఏడుస్తున్నానని ఒప్పుకున్నాడు కూడా. గుర్రంతో ఎలా గెలిచిందో పిల్ల గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, ఒక్క ముక్క అర్థం కాకపోయినా అన్నింటికీ తలూపాడు.

ఫోటో మాత్రం అంతకుముందే, హాల్లోనే తీసేశారు. ఇప్పుడది క్లబ్బు వరండాలో, గాజు చట్రంలో వేలాడుతోంది. అందులో పిచ్చుక కప్పు పట్టుకుని కెమెరా వైపు కాకుండా కిటికీ వైపు చూస్తూ ఉంటుంది. పక్కన బూడిదరంగు సూటులో పెద్దమనిషి, పిల్ల భుజం మీద చెయ్యి వేసి, నిండుగా నవ్వుతూ ఉంటాడు. కింద ఇత్తడి రేకు మీద, చెరిగిపోకుండా చెక్కించారు: "విజేత, తాతగారితో."